నలభై ఏడో ప్రతి

మధ్యాహ్నం భోజనాల వేళకు నూకరత్నం మూడు వేల పది కుర్చీలు, తొమ్మిది వందల ఊయలలు, పేరు తెలియని ఓ పెద్దమనిషి కోసం ఎవరో పదిహేడుసార్లు గీసిన పళ్ళసెట్టు ఒకటి చెరిపేసింది. ఒక్కొక్కదానికి మూడు క్షణాలు. కాంతిబల్ల మీద గీత లేచి నిలబడుతుంది, ఆమె చూస్తుంది, వేలితో ఎడమవైపుకు తోస్తుంది, అది పోతుంది. మనిషి కన్ను పడకుండా ఏ ప్రతినీ చెరపకూడదని చట్టం. ఆ కన్ను ఎంతసేపు పడాలో చట్టం చెప్పలేదు కాబట్టి శాఖవాళ్ళు మూడు క్షణాలని పెట్టుకున్నారు.

కొట్టుకు వెళ్ళి వస్తువు కొనుక్కునే రోజులు నూకరత్నం ఎరగదు. ఆమె పుట్టేనాటికే కాకినాడలో ఏ వస్తువు కావాలన్నా గీత గీయించుకోవడమే. గీసేవాళ్ళు ముందు మనిషికి ఒంటికొలత తీస్తారు. ఎత్తు, బరువు, నడుము వంపు, పిడికిలి పట్టు, ఏ కాలు మీద ఎక్కువ ఆనుతాడో అదీ. ఆ కొలతను పట్టుకుని గీతశాల అనే యంత్రంలో వస్తువుకు రూపం కడతారు. పని పూర్తయ్యాక ముద్ర వేసి పేట పోతశాలకు పంపితే, సాయంత్రానికి పోతపోసి చేతికిస్తారు. చెప్పులకైనా పడవలకైనా అదే పద్ధతి. సముద్రం రెండు వీధుల లోపలికి వచ్చాక ఊళ్ళో సగం రాకపోకలు పడవల మీదే.

గీతశాలకు ఒక మంచి గుణం ఉంది. గీసేవాడి కష్టం పోకూడదని ఆరు నిమిషాలకొకసారి తనంతట తానే ఒక నకలు దాచుకుంటుంది. కరెంటు పోయినా, యంత్రం మొరాయించినా, మళ్ళీ తేరుకోగానే ఆ నకలును తెరిచి ముందు పెడుతుంది. వాటినే తేరినప్రతులంటారు. అసలు గీతకు ముద్ర పడ్డాక వాటితో ఎవరికీ పని లేదు, కానీ అవి పోవు. పేరూ ఊరూ లేకుండా, ఉత్త అంకెలతో, యంత్రాలు నకళ్ళు దాచుకునే స్మృతికొట్లలో పేరుకుంటూనే ఉంటాయి. ఆ కొట్ల వేడిని చల్లార్చిన నీళ్ళు ఉప్పుటేటిలో కలిసి, ఏరు గోరువెచ్చనై, రొయ్య కనపడకుండా పోయాక గాని ప్రభుత్వం మేల్కోలేదు. పదిహేనేళ్ళు దాటిన ప్రతులన్నీ తీసెయ్యమని ఏరివేత శాఖ పెట్టింది. నూకరత్నం అందులో చేరి నాలుగేళ్ళయింది.

ఆమె కేరేజీ మూత పెడుతుంటే శాఖాధికారి జమీలా మేడం వచ్చి బల్ల పక్కన నిలబడింది.

"రత్నం, మధ్యాహ్నం నీకొచ్చే కట్ట ఏ సంవత్సరానిదో చూసుకున్నావా?"

"చూశానండి."

"పడవలు. జగన్నాథపురం రేవువి. నీకొద్దంటే వేరేవాళ్ళకిస్తాను. అడగటానికేం మొహమాటపడకు."

నూకరత్నం తల అడ్డంగా ఊపింది. "నేనే చేస్తానండి. ఎవరో తెలియనివాళ్ళు మూడు క్షణాల్లో తోసేసేకన్నా నేనే తోసెయ్యడం నయం కదండి."

జమీలా ఆమె భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది.

పదహారేళ్ళ కిందట ఒక శ్రావణమాసంలో నూకరత్నం తండ్రి ఓలేటి లోవరాజు కొత్త పడవ పోయించుకున్నాడు. నాలుగోరోజు జనాన్ని అవతలి రేవులో దింపి, ఒంటరిగా తిరిగి వస్తుంటే నడి ఏటిలో పడవ అడుగు నిలువునా చీలింది. ఈదురుగాలి కొడుతున్న రోజది. ఈతగాడే అయినా గట్టు చేరలేకపోయాడు. అప్పటికి నూకరత్నానికి పదకొండేళ్ళు. విచారణలో తేలింది కూడా పదకొండే. పడవ అడుగుదూలం పద్దెనిమిది మిల్లీమీటర్లు ఉండాల్సింది పదకొండే ఉందన్నారు. పోతశాలవాళ్ళు మా తప్పు కాదన్నారు, గీతశాల నడిపేవాళ్ళు మా తప్పు కాదన్నారు. గీసిన మేస్త్రి, దైవసహాయం అనే ఆయన మాత్రం లేచి నిలబడి, "ముద్ర నాదేనండి. తప్పు నాదే" అన్నాడు. దానితో విచారణ ముగిసింది. ఆ పేరు నూకరత్నం ఇంట్లో పదహారేళ్ళుగా తిట్టుగా చలామణీ అవుతోంది. పాలు విరిగితే దైవసహాయం, కుండ పగిలితే దైవసహాయం.

రెండు గంటలు దాటాక ఆ పడవ వచ్చింది. అంకె చూసి ఆమె గుర్తుపట్టలేదు. బల్ల మీద లేచిన మనిషిని చూసి గుర్తుపట్టింది.

పడవ గీసేటప్పుడు తూకం కుదరడానికి నడిపేవాడి నిలువుబొమ్మను అందులో నిలబెడతారు. ముద్ర వేయగానే ఆ బొమ్మ కరిగి అంకెలైపోతుంది. తేరినప్రతుల్లో మాత్రం అలాగే ఉండిపోతుంది. మొహం ఉండదు, రంగు ఉండదు, ఉత్త గీతలు. అయినా గెడ వేసి వేసి ఒరిగిపోయిన ఆ ఎడమ భుజం, ఎడంగా పెట్టిన ఆ పాదాలు, చివరి కణుపు లేని ఆ కుడిచేతి చిటికెన వేలు ఇంకెవరివీ కావు. ఆమె తండ్రి జానెడు ఎత్తున బల్ల మీద నిలబడి ఉన్నాడు.

మూడు క్షణాలు ఎప్పుడో దాటిపోయాయి.

ఆ పడవవి మొత్తం నలభై ఏడు ప్రతులున్నాయి. ఆమె ఒక్కొక్కటే తెరిచి చూసింది, తండ్రి కోసమే చూసింది. మొదటి ప్రతుల్లో ఆయన ఒక్కడే, పడవ ఇంకా పుట్టలేదు. తరువాత ఆయన చుట్టూ పడవ పెరుగుతూ వచ్చింది. ముప్పై ఒకటో ప్రతిలో పడవ పూర్తయింది. అడుగుదూలం మందం పదకొండు. అక్కడితో ఆపేద్దామనుకుంది. కానీ ఇంకా పదహారు ప్రతులున్నాయి.

వాటిలో పడవ పైభాగం ఒక్క గీత కూడా మారలేదు. మేస్త్రి అడుగుదూలం దగ్గరే కూర్చున్నాడు. ఒక ప్రతిలో బరువుల గుణకారాలు, ఇంకో ప్రతిలో వాటి కొట్టివేతలు, మరో ప్రతిలో మళ్ళీ మొదటి నుంచి. నలభై ఏడో ప్రతిలో దూలం పద్దెనిమిది మిల్లీమీటర్లు ఉంది. పక్కన చేతిరాత: "లోవరాజు గారు వానాకాలంలో బరువెక్కువ వేస్తానంటున్నారు. పద్దెనిమిది ఉండాలి."

నూకరత్నం మేస్త్రి రాసిన ఆ మాటను మళ్ళీ చదివింది. ఆయన సరిగ్గానే గీశాడు. ముద్ర మాత్రం పదకొండు మీద పడింది. ఎలా పడిందో ఆమెకు తెలియలేదు.

ఆ తరువాత ఆమె మనసులోకి వచ్చిన ఆలోచన మంచిది కాదు. వేలు ఎడమవైపుకు జరిపితే చాలు. ఎవరికీ తెలియదు. తన తల్లి తిట్టుకునే మనిషి తల్లికి ఉంటాడు, ఇంట్లో అన్నీ ఎప్పటిలాగే ఉంటాయి. ఆమె వేలు ఎత్తింది కూడా. బల్ల మీద తండ్రి గెడ పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఆయన ముందు ఆ పని చెయ్యడానికి ఆమెకు చెయ్యాడలేదు.

సాయంత్రం ఆరింటికి, ఆ రోజు కన్ను పడ్డ ప్రతులన్నీ తోసినా తోయకపోయినా వాటంతటవే చెరిగిపోతాయి. అయిదుంపావుకి ఆమె జమీలా గదిలోకి పరుగున వెళ్ళింది.

జమీలా బల్ల దగ్గరకు వచ్చి ప్రతులన్నీ వరుసగా పరచమంది. పూర్వం ఆవిడా గీతలు గీసినావిడే. కాసేపు చూసి, ముప్పై రెండో ప్రతి మీద వేలు పెట్టింది.

"వేళ చూడు. ముప్పై ఒకటోది మధ్యాహ్నం మూడూ ఇరవై. దాని తరువాతది అదే తేదీ అర్ధరాత్రి పన్నెండూ ఆరు. తరువాతది ముందు వేళకెలా వస్తుంది?"

"కరెంటు పోయిందాండీ?"

"గాలివాన రోజులు కదా, పోయే ఉంటుంది. వచ్చాక గడియారం సున్నా నుంచి మొదలెట్టుకుంది. ఆయన పాపం గంటన్నర కూర్చుని దూలం సరిచేశాడు. మళ్ళీ కరెంటు పోయింది. యంత్రం తేరుకుని, అన్నిటికన్నా ఆలస్యం వేళ దేనిమీద ఉందో వెతికి దాన్నే తెరిచింది. అది పాతది, పదకొండుది. దూలం పలక కింద ఉంటుంది, పైకి కనపడదు. ఆయన చూసి, అంతా బాగుందనుకుని ముద్ర వేసేశాడు."

"విచారణలో ఎవరూ ఇవి చూడలేదాండీ?"

"ముద్రప్రతి ఒక్కటే చూస్తారు. ఆయనే నా తప్పని ఒప్పుకున్నాక ఇంక ఈ అంకెల గుట్టలో ఎవరు వెతుకుతారు?" జమీలా ప్రతుల మీద నిలుపుదల ఆజ్ఞ రాసి సంతకం చేసింది. "వారం రోజులు వీటిని ఎవరూ ముట్టుకోరు. సొంతవాళ్ళ ప్రతులు చూడకూడదని నిబంధన ఉంది, నిన్నెందుకు చూడనిచ్చావని నన్నడుగుతారు. నేను చెప్పుకుంటాను. నువ్వు ఆయన్ని వెతుకు."

"థాంక్సండి" అంది నూకరత్నం.

దైవసహాయం కడియంలో ఉన్నాడు. నర్సరీల్లో అంట్లు కడుతున్నాడని ఆయన పాత పేటలో చెప్పారు. మర్నాడు ఆమె వెళ్ళేసరికి ఆయన మట్టిసంచుల మధ్య పీట వేసుకుని, మామిడి కొమ్మకు గుడ్డపేలిక చుడుతున్నాడు. అరవై దాటిన బక్కమనిషి. గీతల పని ఎందుకు మానేశారని నర్సరీవాళ్ళు అడిగితే, మనిషి బరువు మోసే వస్తువేదీ ఇంక చెయ్యనని చెప్పాడట.

ఆమె తన పేరు చెప్పింది. ఇంటిపేరు వినగానే ఆయన చేతిలో కత్తి కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"ఎప్పుడో ఒకరోజు మీవాళ్ళెవరో వస్తారనుకున్నానమ్మా. ఏమన్నా పడతాను."

"అనడానికి రాలేదండి. కూర్చోండి."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఆయన కూర్చోలేదు. నలభై ఏడో ప్రతి దగ్గరకు వచ్చేసరికి ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు.

"గీశానా?" అన్నాడు. "పద్దెనిమిది గీశానా నేను?"

"గీశారండి. పక్కన రాశారు కూడా."

"రాశానా!" ఆయన మట్టిసంచి మీద కూలబడ్డాడు. "గీసినట్టే గుర్తమ్మా. మా ఆవిడకి కూడా చెప్పాను, గీసినట్టు గుర్తే అని. కానీ కాయితం చూపించి పదకొండు అన్నాక, నా గుర్తుని నేనే నమ్మలేకపోయాను. తప్పించుకోడానికి మనసు అబద్ధం ఆడుతోందేమో అనుకున్నాను. రాత్రిళ్ళు మళ్ళీ మళ్ళీ గీసేవాణ్ణి, మనసులో. ఒకసారి పద్దెనిమిది వచ్చేది, ఒకసారి పదకొండు వచ్చేది."

ఆయన ఏడుస్తాడనుకుంది గాని ఏడవలేదు. మట్టిచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, దూరం నుంచి నడిచొచ్చి చతికిలబడ్డవాడిలా ఊపిరి తీసుకుంటూ కూర్చున్నాడు. కాసేపటికి, "ముద్ర వేసే ముందు పలక ఎత్తి ఇంకోసారి చూసుంటే అయిపోయేది. అదెప్పటికీ నాదేనమ్మా" అన్నాడు. మళ్ళీ ఆమె వైపు చూసి, "మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. వెతుక్కుంటూ ఇంతదూరం వచ్చారు" అన్నాడు.

నూకరత్నానికి అబద్ధం ఆడబుద్ధి కాలేదు. "చెరిపేద్దామనే అనుకున్నానండి. వేలు కూడా ఎత్తాను."

"ఎత్తి దించారు కదమ్మా" అన్నాడాయన. రెండు చేతులూ జోడించాడు. తన తండ్రి వయసు మనిషి అలా దణ్ణం పెడుతుంటే ఆమె కంగారుపడి, ఆ మట్టిచేతులు పట్టుకుని కిందకు దించింది.

తల్లికి చెప్పడం ఇంతకన్నా కష్టమైంది. మరిడమ్మ అరుగు మీద కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. అంతా వింటూ చేపలు ఏరుతూనే ఉంది.

"అయితే ఆ మడిసి తప్పు కాదంటావేటే?"

"కాదమ్మా. ఆయన సరిగ్గానే గీశాడు."

"మరెవుడి తప్పు?"

"గడియారం తప్పింది."

మరిడమ్మ చేతిలో చేపను బుట్టలో పడేసింది. "గడియారాన్నేటని తిట్టుకోను? దానికి సెవులుంటాయా?" అంది. ఆ పూట అన్నం తినలేదు. తొందరపడి చెప్పేశానేమో, తల్లికి ఉన్న ఒక్క ఆసరా లాగేశానేమో అని నూకరత్నం భయపడింది.

మర్నాడు పొద్దున లేచేసరికి మరిడమ్మ తలస్నానం చేసి, నీలంచీర కట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది.

"ఆ మేస్త్రిని రమ్మను. మీ అయ్య బొమ్మ ఉందన్నావు గదా, అక్కడికే రమ్మను. నాకు ఆయనతో ఒక మాటుంది."

నిలుపుదల వారంలో ఆరోరోజు ముగ్గురూ ఏరివేత శాఖలో కలుసుకున్నారు. జమీలా తలుపు దగ్గరగా వేసి, తాను బయటే ఉండిపోయింది. దైవసహాయం ఇస్త్రీచొక్కా వేసుకుని, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మరిడమ్మ ఆయన వైపు చూడలేదు. నేరుగా బల్ల దగ్గరకు వెళ్ళింది. నూకరత్నం నలభై ఏడో ప్రతి తెరిచి, నిలువుబొమ్మను మనిషి ఎత్తుకు పెంచింది.

లోవరాజు గదిలో నిలబడ్డాడు.

మరిడమ్మ చుట్టూ తిరిగి చూసింది. భుజం దగ్గర ఆగింది. చిటికెన వేలు దగ్గర ఆగింది. పక్కన నిలబడి, తన తల మీద చెయ్యి పెట్టి ఆ గీతల వైపు జరిపింది. "ఏటిది, ఇంతేనా ఎత్తు? మా అన్నయ్యకన్నా పొడుగని పెళ్ళికి ముందు సెప్పేడు గదా!"

దైవసహాయం నోరు తెరిచాడు. "కొలత తీసేటప్పుడు మునివేళ్ళ మీద లేచారమ్మా. పడవ తూకం తప్పుతుంది, పాదాలు ఆనించండి అంటే, మా ఆవిడకి మాత్రం చెప్పకండి మేస్త్రిగారూ అన్నారు."

మరిడమ్మ నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే ఒళ్ళంతా ఊగిపోయేలా నవ్వింది. ఆ మాట పదహారేళ్ళు ఈ ఒక్క మనిషి దగ్గరే ఉండిపోయిందని నూకరత్నానికి అప్పుడు తట్టింది. ఆ మనిషిని వాళ్ళు గుమ్మం తొక్కనివ్వలేదు.

నవ్వు తగ్గాక మరిడమ్మ కళ్ళు తుడుచుకుని, మొదటిసారి ఆయన వైపు తిరిగింది.

"మేస్త్రిగారూ, మిమ్మల్ని నేను సానా తిట్టాను. ఇంట్లో తిట్టాను, రేవులో తిట్టాను. మీ పిల్లల్ని కూడా కలిపి తిట్టాను."

"తిట్టడం న్యాయమేనమ్మా."

"నన్ను సెప్పనియ్యండి. ఆరోజు అందరూ మాది కాదంటే మాది కాదన్నారు. మీరొక్కరే నాదే అన్నారు. మీరు కూడా కాదనేసుంటే నేనేటైపోదును? పిల్లని పెట్టుకుని ఏట్లో దూకేద్దును. తిట్టుకోడానికో మడిసి ఉండబట్టి, పొద్దున్నే లేచి మిమ్మల్ని తిట్టుకుని పొయ్యి రాజేసేదాన్ని. అలాగే దీన్ని పెంచాను. మీకు తెలీకుండా మీరు మమ్మల్ని మోశారు బాబూ."

కడియంలో ఏడవని మనిషి ఇక్కడ ఏడ్చాడు. మరిడమ్మ ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. నూకరత్నం నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

జమీలా తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. విచారణ తిరగరాయడానికి నలభై ఏడో ప్రతిలోని దూలం, రాత, అన్ని ప్రతుల వేళలు నకలు తీసి పంపించానని, దైవసహాయం పేరు మీద మచ్చ పోతుందని చెప్పింది. మిగిలినవన్నీ రేపటితో చెరిగిపోవాల్సినవే. "నిలువుబొమ్మ ఒక్కటీ ఉంచుకుంటామంటే పైకి రాసి చూస్తానమ్మా. ఇస్తారో ఇవ్వరో తెలీదు, అడిగి చూస్తాను" అంది.

నూకరత్నం తల్లి మొహంలోకి చూసింది. ఉంచమంటుందనే అనుకుంది. తనకైతే ఉంచుకోవాలనే ఉంది.

మరిడమ్మ మళ్ళీ బొమ్మ దగ్గరకు వెళ్ళింది. ఎడంగా పెట్టిన ఆ పాదాల వైపు, చేతిలో గెడ వైపు చూస్తూ నిలబడింది.

"వద్దమ్మా" అంది చివరికి. "పదారేళ్ళుగా అలా నిలబెట్టేశారు మడిసిని. కాళ్ళు నొప్పెట్టవేటి?"

ఆమె కూతురి చెయ్యి పట్టుకుని బల్ల మీదకు తీసుకొచ్చింది. కూతురి వేలి మీద తన వేలు ఆనించింది. ఇద్దరూ కలిసి మెల్లగా ఎడమవైపుకు తోశారు.